మా వంశవృక్షంలో ఏడేళ్ల ఖాళీ: లెక్క చెప్పేది, మాట చెప్పేది

ఈ బ్లాగుని మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి మా వంశవృక్షం సంగతి తెలిసిందే. కోలారు జిల్లా ముళబాగిలు పక్క పల్లెలో మొదలై బెంగళూరు, హోసూరు, మైసూరు దాకా చెదిరిపోయిన మా బంధువుల పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్లోకి ఎక్కిస్తున్నాం. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పెళ్లి, పిల్లలు, చేసిన పని, ఇంట్లో మాట్లాడే భాష. ఇంతే కాలమ్‌లు. (మేం చదివింది కన్నడ మీడియం బళ్లో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాం. ఒత్తులో దీర్ఘమో తప్పితే పెద్దలు సర్దుకోవాలి, చెప్తే దిద్దుకుంటాం.)

బతుకుతెరువుకి మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ తేడా కొడుతుందో వెతకడం. ఆ అలవాటు ఇంటి షీటు మీద కూడా పడింది. ఒక ఆదివారం కూర్చుని తేదీలన్నీ వరసలో పెట్టి చూస్తే రెండు తేడాలు కనిపించాయి.

మొదటిది నవ్వొచ్చేది. మా పెద్దల్లో చాలామంది జూన్ 1న పుట్టారు! అన్నలు, చెల్లెళ్లు, వేరే ఊళ్లలో పుట్టిన వాళ్ల బావమరుదులు, అందరూ జూన్ 1. దీనికి జవాబు మా నాన్నే చెప్పాడు. బళ్లో చేర్చేటప్పుడు ఎవరికీ తేదీ తెలియదు, మేష్టరు బడి తెరిచే రోజునే పుట్టిన తేదీగా రాసేసుకున్నాడు. అంటే మా షీట్లో ఉన్నది వాళ్లు పుట్టిన రోజు కాదు, వాళ్లు కాగితమ్మీదకి ఎక్కిన రోజు.

రెండోది నవ్వొచ్చేది కాదు. మా అవ్వకి ఐదుగురు పిల్లలు. 1956, 1958, 1960, తర్వాత 1967, 1969. రెండేళ్లకొకరు పుట్టిన ఇంట్లో మధ్యలో ఏడేళ్లు ఖాళీ. తేదీ తప్పు పడిందేమో అనుకున్నాం. టెస్టింగులో అయితే ఇలాంటిది కనబడగానే బగ్ అని రాసి పంపించేస్తాం. ఇక్కడ పంపించడానికి ఎవరూ లేరు, అవ్వనే అడగాలి.

సంక్రాంతికి ముందు, అనపకాయల కాలం. అవ్వ వాకిట్లో కూర్చుని పితికిపప్పు చేస్తా ఉంది. మేం మామూలుగానే అడిగాం, “చిన్నాయనకీ అత్తకీ మధ్య ఏడేళ్లు ఎందుకుంది అవ్వా? అత్త పుట్టిన ఏడాది తప్పా?”

అవ్వ చెయ్యి ఆగింది. “తప్పు కాదు నాయనా. మధ్యలో ఇద్దురు పుట్నారు. నిలవలేదు” అంది. కాసేపటికి మళ్లీ తనే, “ఒకడు పదకొండు దినాలు. ఇంగొగటి ఆడబిడ్డ, నడక నేర్చింది. అమ్మోరు పోసి పొయ్యింది.”

“ఇన్నేళ్లూ చెప్పలేదే?”

“ఎవురడిగినారు?”

నాన్నకి లీలగా గుర్తుంది, ఆయనా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ షీటు లేకపోతే మేం ఆ ప్రశ్న అడిగేవాళ్లమే కాదు. ఆ వాకిలి లేకపోతే షీటు ఎన్నేళ్లు చూసినా జవాబు దొరికేది కాదు. అంకె ఎక్కడ అడగాలో చూపించింది, ఏం జరిగిందో మాట చెప్పింది.

తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదని. మనుషుల గురించి పరిశోధించే మానవశాస్త్రంలో లెక్కనీ మాటనీ ఎలా కలపాలన్నది పాత చర్చే. అందులో గట్టి భాగం జరిగింది మన పాత మైసూరు సీమలోనే. ఆ కథే ఈసారి రాస్తున్నాం.

కరువు లెక్క

మైసూరు సంస్థానంలో మొదటి పూర్తి జనగణన 1871లో జరిగింది. అప్పుడు తేలింది 50 లక్షల పైచిలుకు. పదేళ్లకి, 1881లో మళ్లీ లెక్కపెడితే సుమారు 42 లక్షలు. జనం పెరగాల్సింది పోయి ఎనిమిది లక్షలకు పైగా తగ్గారు. మధ్యలో వచ్చింది 1876–78 కరువు. మన పెద్దలు ధాత కరువు అంటారే, అదే. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు.

ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే గుండె గుబేలుమంటుంది. కానీ ఆ తేడాలో ఎవరెవరున్నారు? చచ్చిపోయినవాళ్లు, ఊరొదిలి పోయినవాళ్లు, ఆ రెండేళ్లలో అసలు పుట్టకుండా పోయిన బిడ్డలు. తీసివేత చేస్తే ముగ్గురూ ఒకటే అంకెలో కలిసిపోతారు. వాళ్లని విడదీయాలంటే అప్పటి ఉత్తరాలు, గంజి కేంద్రాల రికార్డులు, ఇళ్లలో చెప్పుకున్న మాటలు కావాలి.

తిరగేసి చూస్తే మాటని కూడా లెక్క పరీక్షిస్తుంది. మా పూర్వీకులు “ధాత కరువులో కడప సీమ నుంచి ఇక్కడికొచ్చి బతికిపోయారు” అని మా ఇంట్లో చెప్పుకుంటారు. బాగుంది, కానీ ఆ కరువులో కోలారు సీమే ఎండిపోయి జనం పోతుంటే, కడప నుంచి ఇక్కడికి కూడు కోసం ఎందుకొస్తారు? కరువు తగ్గాక బీడు పడ్డ భూములు దున్నడానికి వచ్చారంటే నప్పుతుంది. ఇంట్లో చెప్పే కథ అబద్ధం కాకపోవచ్చు. “కరువు తర్వాత” అన్నది నాలుగు తరాల నోళ్లలో నలిగి “కరువులో” అయ్యుండొచ్చు. 1871, 1881 అంకెలు చూడకపోతే ఈ అనుమానమే వచ్చేది కాదు.

లెక్కపెడితే మనుషులు మారతారు

1901 జనగణనకి కమిషనరు హెచ్. హెచ్. రిస్లీ. ముక్కు పొడవు, వెడల్పు కొలిచి కులాల గుట్టు తేల్చొచ్చని నమ్మినవాడు. ఇటు మద్రాసులో ఎడ్గార్ థర్‌స్టన్ కూడా కొలత సామాన్లు పట్టుకుని ఊళ్లు తిరిగాడు. 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల పుస్తకంలో మన తెలుగు కులాలు కూడా ఉన్నాయి. 1901లో రిస్లీ ఇంకో అడుగు వేసి, సమాజంలో ఏ కులం పైన, ఏది కింద అని వరస కట్టించాడు.

ఏమైందంటే, జనం ఊరుకోలేదు. మా కులాన్ని పై మెట్టులో రాయండి, మా పేరు మార్చండి అంటూ దేశమంతా అర్జీలు పెట్టారు. 1911లో బెంగాల్‌లో వచ్చిన అర్జీలు ఒకటిన్నర మణుగుల బరువు తూగాయని అక్కడి జనగణన అధికారి ఓమాలీ రాశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకుంటున్నామని సర్కారు అనుకుంది. కానీ రాసుకోవడం వల్లే ఉన్నది మారడం మొదలైంది.

మా పనిలో దీనికి పోలిక ఉంది. ఒక ప్రోగ్రాముని పరీక్షించడానికి మనం పెట్టిన కోడే దాని నడకని మార్చేస్తే, దొరికిన ఫలితం దానిదో మనదో తెలియదు. అడిగేవాడు ఎవరు, ఏ భాషలో అడిగాడు, జవాబు చెప్తే ఏం లాభమో ఏం నష్టమో అని అవతలివాళ్లు ఏమనుకున్నారు, ఇవన్నీ తెలియకుండా అంకెని నమ్మడం కష్టం.

ఊళ్లో కూర్చుని చూసిన శ్రీనివాస్ గారు

దీనికి ఎదురుదిక్కుగా నిలబడ్డవాళ్లలో పెద్దపేరు ఎం. ఎన్. శ్రీనివాస్ గారిది. 1916లో మైసూరులో పుట్టి, బొంబాయిలో, తర్వాత ఆక్స్‌ఫర్డులో చదివి, 1948లో మైసూరుకి దగ్గర్లో ఉన్న ఒక పల్లెలో ఉండటానికి వెళ్లారు. తన రచనల్లో ఆ ఊరికి రాంపుర అని పేరు పెట్టారు. పుస్తకాల్లో చెప్పే కులవ్యవస్థ వేరు, ఊళ్లో నడిచే కులవ్యవస్థ వేరు అని ఆయన జీవితమంతా చెప్తూ వచ్చారు. నాలుగు వర్ణాల నిచ్చెన పుస్తకాల్లో కదలకుండా నిలబడి ఉంటుంది. ఊళ్లో చూస్తే భూమి ఎవరిది, తగువు తీర్చేది ఎవరు, ఓట్లు ఎవరి మాట మీద పడతాయి అన్నదాన్ని బట్టి నడుస్తుంది.

ఆయన చెప్పిన ‘ఆధిపత్య కులం’ అన్న మాట ఇప్పుడు పేపర్లలో కూడా వాడతారు. అందులో తలల లెక్క ఒక భాగం మాత్రమే. జనం ఎక్కువుండాలి, దాంతోపాటు భూమి ఉండాలి, పలుకుబడి ఉండాలి. తలలు లెక్కపెడితే మొదటిది తెలుస్తుంది. మిగతావి తెలియాలంటే అరుగు మీద కూర్చోవాలి.

1970 ఏప్రిల్ 24న, ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఉన్నప్పుడు, ఆయన గది ఉన్న కట్టడానికి ఎవరో నిప్పుపెట్టారు. పద్ధెనిమిదేళ్లుగా సర్దుకుంటూ వచ్చిన రాంపుర నోట్సు మూడు ప్రతులూ ఆ గదిలోనే ఉన్నాయి, కాలిపోయాయి. (బ్యాకప్ మూడు ప్రతులు తీసి మూడూ ఒకేచోట పెడితే ఏమవుతుందో మా ఆఫీసులో ఎవరికైనా చెప్పాలంటే మేం ఈ కథే చెప్తాం.) సోల్ టాక్స్ అనే తోటి మానవశాస్త్రవేత్త, జ్ఞాపకం మీదే రాయమని సలహా ఇచ్చాడు. అలా వచ్చింది 1976 నాటి ‘ది రిమెంబర్డ్ విలేజ్’.

ఆ పుస్తకంలో ఊరి పెద్దలు, వాళ్ల మాటతీరు, తగువులు, పశువుల మీద ప్రేమ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఒక మనిషి జ్ఞాపకంలో ఇంత నిలుస్తుందా అనిపిస్తుంది. కానీ జ్ఞాపకానికి ఒక గుణం ఉంది. ఎక్కువ మాట్లాడినవాళ్లు, దగ్గరగా మసిలినవాళ్లు ఎక్కువగా గుర్తుంటారు. ఎవరూ అడగని మా అవ్వలాంటివాళ్లు ఊరి జ్ఞాపకంలో ఓ మూలకి పోతారు. పట్టిక అలా కాదు, చిన్న గడి పెద్ద గడి లేకుండా అందరికీ ఒకే వరస ఇస్తుంది. ఖాళీగా ఉన్న గడి కూడా కంటికి కనబడుతుంది.

రెండూ చేసిన ఎప్‌స్టీన్ గారు

ఈ రెంటినీ ఒకే సంచిలో వేసుకుని తిరిగిన మనిషి స్కార్లెట్ ఎప్‌స్టీన్. వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో ఇంగ్లండుకి కాందిశీకురాలిగా వెళ్లి, మాంచెస్టరులో చదివి, 1954లో మండ్యకి వచ్చారు. మండ్య దగ్గర రెండు పల్లెలు ఎంచుకున్నారు. పుస్తకంలో వాటికి వంగల, దాలెన అని మారుపేర్లు.

రెండూ పక్కపక్క సీమలోవే. తేడా నీళ్లు. కృష్ణరాజసాగర నుంచి వచ్చే విశ్వేశ్వరయ్య కాలువ వంగల పొలాలకి అందింది. దాలెన మెరక మీద ఉంది, అందలేదు. పరీక్ష పెట్టాలని ఎవరో కావాలని ఏర్పాటు చేసినట్టు, ఒకదానికి నీళ్లిచ్చి ఒకదానికి ఇవ్వలేదు.

ఆవిడ ఇంటింటి ఖర్చు, పంట, అప్పు, పని చేసిన రోజులు లెక్క రాసుకున్నారు. అదే చేత్తో పెళ్లిళ్లకి వెళ్లారు, పంచాయితీలు విన్నారు. తేలింది ఏంటంటే, నీళ్లొచ్చిన వంగలలో చెరుకు వచ్చింది, డబ్బు వచ్చింది, కానీ పాత కట్టుబాట్లు చాలావరకు అలాగే నిలిచాయి. వ్యవసాయం వ్యవసాయంగానే ఉంది కాబట్టి పాత పద్ధతిలోనే పెరిగారు. నీళ్లు రాని దాలెనవాళ్లు మండ్య పట్టణంలో, చక్కెర ఫ్యాక్టరీలో పనికి పోయారు, బళ్లు తోలారు, వ్యాపారాలు పెట్టారు. అక్కడ పాత సంబంధాలు సడలిపోయాయి. నీళ్లొస్తే ఊరు మారుతుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ ఎక్కువ మారింది నీళ్లు రాని ఊరు.

ఆవిడ రాసినవాటిలో మమ్మల్ని బాగా ఆపింది కూలీ గింజల సంగతి. వంగలలో భూమి ఉన్న రైతు ఇళ్లకీ, తరతరాలుగా వాళ్ల దగ్గర పనిచేసే దళిత కుటుంబాలకీ మధ్య కట్టుబాటు ఉండేది. ఏటా ఇంతని గింజలు. పంట బాగా పండినా అంతే, ఎండినా అంతే. పంట బాగా పండిన ఏడాది లెక్క ఒక్కటే చూస్తే, కూలివాళ్లకి అన్యాయం జరుగుతోంది, మరి ఎందుకు పడి ఉంటున్నారు అనిపిస్తుంది. ఊళ్లోవాళ్ల మాట ఒక్కటే వింటే, “మా తాతల నాటి ఆచారం” అని ఆగిపోతుంది. రెండూ కలిపి ఆవిడ చెప్పింది ఇది: కరువు ఏడాది కూడా ఆ గింజలు ఆగవు కాబట్టి, ఆ కట్టుబాటు ఆకలి చావుకి అడ్డుగోడ. మంచి ఏళ్లలో మిగిలింది రైతు గాదెలోకి పోతుంది, చెడ్డ ఏళ్లలో ఉన్నది పంచుకుంటారు. అన్యాయం ఉంది, అందులోనే బీమా కూడా ఉంది. ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా సగమే తెలుస్తుంది.

1962లో మొదటి పుస్తకం వేసి ఊరుకోలేదు ఆవిడ. 1970లో అవే ఊళ్లకి మళ్లీ వెళ్లి, 1973లో ఇంకో పుస్తకం రాశారు. 1998లో సూర్యనారాయణ, తిమ్మేగౌడలతో కలిసి నలభై ఏళ్ల మార్పు మీద మరొకటి. మా భాషలో చెప్పాలంటే, ఒకసారి పాసైన టెస్టుని కొత్త వెర్షను వచ్చిన ప్రతిసారీ మళ్లీ నడిపించారు.

మళ్లీ మళ్లీ అదే గడపకి

మా అవ్వ కథకి దగ్గరగా వచ్చేది 1980ల్లో జరిగిన పని. ఆస్ట్రేలియాకి చెందిన జాన్ కాల్డ్‌వెల్, ప్యాట్ కాల్డ్‌వెల్ దంపతులు, బెంగళూరు పాపులేషన్ సెంటరుకి చెందిన పి. హెచ్. రెడ్డి గారు కలిసి దక్షిణ కర్ణాటక పల్లెల్లో జననాలు, మరణాలు, పెళ్లి వయసుల మీద పనిచేశారు. ముగ్గురూ జనాభా లెక్కల మనుషులే. కానీ ఒకసారి ఫారం నింపుకుని పోవడం సరిపోదని వాళ్లకి అర్థమైంది. అదే పల్లెల్లో ఉండి, అదే గడపకి మళ్లీ మళ్లీ వెళ్లి, మొదట చెప్పిన జవాబుని తర్వాత మాటలతో సరిచూసుకున్నారు.

అలా బయటపడ్డ విషయాల్లో ఒకటి, బిడ్డకి జబ్బు చేస్తే ఇంట్లో ఎవరు నిర్ణయం తీసుకుంటారన్నది. ఆస్పత్రి ఎంత దూరమో అంకె చెప్తుంది. బిడ్డకి ఒళ్లు కాలుతోందని తెలిసిన కోడలు ఆ మాట అత్తకి చెప్పి, అత్త సరే అనేదాకా ఆగాలా లేదా అన్నది ఏ ఫారంలోనూ ఉండదు. చదువుకున్న తల్లుల పిల్లలు ఎక్కువగా ఎందుకు బతుకుతున్నారన్న అంకెకి జవాబు కొంత అక్కడ దొరికింది.

ఇప్పుడు లెక్క రాసే మనిషి స్థానంలో ఫోను వచ్చింది. డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2012 తర్వాత సుమారు వెయ్యిమంది విద్యార్థులకి ఫోన్లిచ్చి, ఎవరు ఎవరి పక్కన ఎంతసేపు ఉన్నారో వాళ్ల అనుమతితోనే నమోదు చేశారు. అంత డేటా ఉండి కూడా, వాళ్ల మధ్య మసలడానికి ఒక మానవశాస్త్రవేత్తని కూడా పెట్టుకున్నారు. ఇద్దరి ఫోన్లు రెండు గంటలు పక్కపక్కన ఉన్నాయని యంత్రం చెప్తుంది. వాళ్లు స్నేహితులా, పరీక్ష హాల్లో పక్క బెంచీలా, మాట్లాడుకోని పాత స్నేహితులా అన్నది అక్కడున్న మనిషే చెప్పాలి. యంత్రం మారింది, చిక్కు మండ్యలో ఉన్నదే.

మా షీట్లో మార్చింది

ఇదంతా చదివాక మా షీట్లో మూడు మార్పులు చేశాం. ప్రతి తేదీ పక్కన ‘ఎవరు చెప్పారు’ అని ఒక కాలమ్. బడి సర్టిఫికెట్టా, జాతకమా, అవ్వ మాటా అని. రెండోది, ఖాళీ గడిని ‘లేదు’ అని రాయడం మానేశాం. ‘అడగలేదు’ అని రాస్తున్నాం. మా షీట్లో ఇంటికొచ్చిన కోడళ్ల పుట్టిన ఊరు చాలాచోట్ల ఖాళీ. వాళ్లకి పుట్టిన ఊరు లేక కాదు, మేం అడగక. మూడోది, ‘చెప్పినవాళ్లు బయటపెట్టమన్నారా’ అన్న కాలమ్.

ఆ మూడోది అవ్వ వల్ల వచ్చింది. పిల్లలు ఐదు అని ఉన్న గడిని ఏం చేయమంటావని అడిగాం. చాలాసేపు ఆలోచించి, “లెక్కలో ఏడు అని రాయి. పేర్లు నా కాడే ఉండనీ” అంది. ఈ వ్యాసంలో చెప్పుకోవచ్చా అంటే, “చెప్పు, ఇంగొకరి అవ్వనైనా అడుగుతారు” అంది. అందుకే ఇక్కడ రాశాం, అందుకే పేర్లు రాయలేదు.

ఇంకో మాట. 2011 లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 35 లక్షలు, నూటికి దాదాపు ఆరుగురు. అందులో మా ఇల్లు లేదు. వచ్చినాయన కన్నడలో అడిగాడు, నాన్న కన్నడలో జవాబిచ్చాడు, మాతృభాష కూడా కన్నడ అని రాయించాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఈ మట్టిలో పుట్టాం, ఈ బళ్లో చదివాం, కాదంటే బాగుండదేమో అనుకున్నాడు. ఆయన జవాబులో మర్యాద ఉంది, కాస్త బెరుకూ ఉంది, అంకెలోకి ఏదీ ఎక్కలేదు. 2027 జనగణన వస్తోంది. మాతృభాషతో పాటు వచ్చిన ఇంకో రెండు భాషలు రాయించే వీలు ఇదివరకటి ఫారంలోనే ఉంది. కన్నడని తక్కువ చేయకుండానే తెలుగుని రాయించొచ్చు. ఈసారి నాన్న ఏం చెప్తాడో ఆయన ఇష్టం. ముందు కూర్చుని మాట్లాడదామని మాత్రం అనుకున్నాం.

బంధువులకి మా మనవి ఒక్కటే. ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు పిల్లల పుట్టిన ఏళ్లు వరసగా ఒక కాగితం మీద రాసి చూడండి. ఎక్కడైనా వరస తెగితే, పెద్దావిడ పక్కన కాసేపు కూర్చోండి, ఆమె చేతిలో పనిలో ఓ చెయ్యి వేసి అడగండి. ఆమె చెప్పొద్దంటే అక్కడే ఆగండి. చెప్పమంటే మాకు రాయండి, షీట్లో ఆ గడి ‘అడగలేదు’ అనే ఉంది.